పోర్టుబ్లెయిరు పరిసరముల ఏకదిన యాత్రలు

బంగాళాఖాతపు ఆగ్నేయభాగమున ఉత్తర దక్షిణములుగా బారులు తీరిన అండమాను దీవులలో, దక్షిణ అండమాను తూర్పుతీరమున వెలసిన పోర్టుబ్లెయిరు నగరము అండమాను నికోబారు కేంద్రపాలిత ప్రాంతమునకు రాజధాని. 2024 సెప్టెంబరు నుండి దీనికి శ్రీవిజయపురమని అధికార నామము కలిగినను జనుల నోట పాతపేరే నిలిచియున్నది. ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు మరల ఈ నగరమును చేరుకొనదగిన దూరములో పగడపు దీవులును, పాడుపడిన పాలనాకేంద్రములును, మడ అడవులును, సున్నపురాతి గుహలును, ఉరికంబములు నిలిచిన గుట్టలును ఉన్నందున, యాత్రికులు ఇచ్చట విడిది చేసి దినమున కొక దిక్కునకు పోయి వచ్చుట ఆచారమైనది. ఈ వ్యాసము అట్టి యాత్రలను గూర్చినది.

సముద్రతీర విహారనగరములు లోకమున పెక్కు కలవు. ఉత్తరాఫ్రికాలోని ట్యునీసియా దేశమున మధ్యధరా సముద్రపు టొడ్డున సూస్ నగరమున బస చేసినవాడు, ఉదయమున బస్సెక్కి ఎల్ జెమ్ పట్టణమందలి రోమనుల క్రీడారంగమునో, కైరవాన్ నగరపు మహామసీదునో చూచి మాపటికి మరలివచ్చును. అచ్చట దినమును కొలుచునది రహదారి. పోర్టుబ్లెయిరున దినమును కొలుచునవి సూర్యుడును సముద్రమును. వీనికి తోడు, కొన్ని చోట్లకు అనుమతిపత్రము.

సూర్యుని సంగతి ముందుగా చెప్పవలెను. భారతదేశపు ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశము మన కాకినాడకు చేరువగా పోవును. పోర్టుబ్లెయిరు దానికి పది డిగ్రీల తూర్పున నున్నది. అందుచేత గడియారమున కంటె సూర్యుడు అచ్చట సుమారు నలువది నిమిషములు ముందు నడచును. డిసెంబరు మాసమున సాయంకాలము అయిదు గంటలకే ప్రొద్దు గ్రుంకును. తెల్లవారి పది గంటలకు తీరికగా బయలుదేరుదమనుకొన్న యాత్రికునకు పగటిలో మూడవవంతుకు పైగా అప్పటికే గడచిపోయియుండును. కావుననే ఇచ్చటి పడవలును బస్సులును చీకటితో మేల్కొనును. ఇక సముద్రము సంగతి: మే నుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనమును, అటుపిమ్మట ఈశాన్య ఋతుపవనమును ఈ దీవులను తడుపుచుండును. ఆ మాసములలో గాలి రేగినపుడు చిన్న పడవలు రేవు దాటవు, పెద్ద నౌకలును ఒక్కొక్కపుడు నిలిచిపోవును. డిసెంబరు చివర నుండి ఏప్రిలు వరకు సముద్రము ప్రసన్నముగా నుండు కాలము. యాత్రలకు అదియే అనుకూలము.

పట్టణమునకు ఆర్చిబాల్డు బ్లెయిరను నౌకాధికారి పేరు వచ్చినది. ఈస్టిండియా కంపెనీ పక్షమున ఈ తీరములను కొలిచి పటములు వ్రాసిన అతడు 1789లో చాతాము దీవియందు తొలి వలసను స్థాపించెను. అది కొలది సంవత్సరములలో ఉత్తర అండమానునకు తరలి, రోగములచే క్షీణించి, 1796లో అంతరించెను. మరల 1858 మార్చి 10వ తేదీన డాక్టరు జేమ్స్ పాటిసన్ వాకరు 200 మంది ఖైదీలతో ఈ రేవున దిగిన నాటినుండి ద్వీపాంతరవాస చరిత్ర ఆరంభమైనది. వారిలో పెక్కురు 1857 నాటి స్వాతంత్ర్యసమరమున పట్టువడినవారు. ఆనాడు ఈ జలములను దాటినవానికి తిరుగు ప్రయాణమనునది లేదు. నేడు పూటలో పోయి వచ్చు స్థలములలో అనేకము అట్టివారి చేతులు కొట్టిన అడవులు, ఎత్తిన గోడలు, త్రవ్విన మెట్లు అగుటచేత, ఈ యాత్రలను వట్టి విహారములుగా నెంచుట తగదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

రేవు చుట్టు నున్న యాత్రలలో అగ్రగణ్యమైనది రాస్ దీవి. అబర్డీను జెట్టీలో పడవ యెక్కిన పావుగంటలో ఇచ్చటికి చేరవచ్చును. డేనియల్ రాస్ అను సముద్ర సర్వేక్షకుని పేర వెలసిన ఈ చిన్న దీవి 1858 తరువాత అచిరకాలముననే దీవులన్నిటికిని పాలనాకేంద్రమై ఎనుబదేండ్లకు పైగా అట్లే వర్ధిల్లెను. ముఖ్య కమిషనరు నివాసము, ప్రెస్బిటీరియను చర్చి, ముద్రణాలయము, బేకరీ, ఈతకొలను, టెన్నిసు మైదానము, సైనికుల బారకాసులు, శ్మశానవాటిక, అన్నియు ఇంత కొంచెపు నేలమీద అమర్చి, ఆంగ్లేయులు దీనిని ప్రాగ్దేశపు పారిస్ అని ముచ్చటగా పిలుచుకొనిరి. ఆ వైభవమునకు ఎదుట, కేవలము ఒక జలసంధి ఆవల, 1896లో మొదలై 1906లో ముగిసిన సెల్యులారు జైలు తన ఏడు బాహువులను చాచి నిలిచియుండెను. దీవిమీది తోటలో నుండి ఆ జైలు కనబడుచుండెను. జైలు నుండియు ఆ తోట కనబడుచుండెను.

1941 జూను 26వ తేదీన సంభవించిన మహాభూకంపముచేత రాస్ దీవిలోని కట్టడములు బీటలువారెను. మరుసటి సంవత్సరము మార్చి 23న జపానీయులు దిగి దీవుల నాక్రమించి, 1945 అక్టోబరు వరకు ఏలిరి. వారు కట్టిన కాంక్రీటు బంకరులు నేటికిని ఒడ్డున నున్నవి. తరువాత పాలన పోర్టుబ్లెయిరునకే తరలిపోగా, దీవి వృక్షములకు వదలివేయబడినది. మర్రిజాతి చెట్ల వేళ్లు గోడలను కౌగిలించుకొని, ఇటుకలను తమలో నిముడ్చుకొని, కప్పులేని గదులకు తామే స్తంభములై నిలిచిన తీరును తనివితీర చూడవలెను. చెట్టు ఎచ్చట ముగిసినదో, గోడ ఎచ్చట మొదలైనదో చెప్పుట కష్టము. నడుమ చుక్కల దుప్పులు మనుష్యులకు వెరువక మేయుచుండును. 1979 నుండి నౌకాదళము ఈ దీవిని సంరక్షించుచున్నది. 2018 డిసెంబరు 30న, నేతాజీ పోర్టుబ్లెయిరులో త్రివర్ణ పతాకము నెత్తి 75 సంవత్సరములు నిండిన దినమున, దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని నామకరణము జరిగినది. ఒకే పడవ టిక్కెట్టుతో మూడు చోట్లు చూపించు ఏర్పాటులో యాత్రికులకు ఇచ్చట గంటన్నర కంటె ఎక్కువ లభింపకుండుట విచారకరము. శక్తియున్నవారు రాస్ దీవికే ఒక పూట కేటాయించి, తూర్పుకొసనున్న దీపస్తంభపు మెట్లవరకు నడచి రావలెను.

ఆ మూడు చోట్ల యాత్రలో రెండవది వైపరు దీవి. 1789లో బ్లెయిరు వెంట వచ్చిన ఓడ పేరు దీనికి నిలిచినది. సెల్యులారు జైలునకు పూర్వము ఖైదీలను సంకెళ్లతో ఒకరి కొకరిని బంధించి ఉంచిన కారాగారము ఇచ్చట నుండెను. గుట్టమీద ఎఱ్ఱని గుమ్మటముతో ఉరిశాల నేటికిని కలదు. మూడవది నార్తుబే. అది పగడములకును, నీటిలో మునిగి చేయు వినోదములకును పేరొందినది, కాని జనసమ్మర్దము మిక్కుటము. ఆ తీరపు దీపస్తంభమును కొబ్బరిచెట్లను తెలుగువారందరును ఎరుగుదురు; పాత ఎఱ్ఱని ఇరువది రూపాయల నోటు వెనుక నున్న చిత్రము అదియే.

ఆ చిత్రము కనబడు చోటు నార్తుబే గాక, దానికి ఎగువనున్న హారియెట్టు పర్వతము. సుమారు 1200 అడుగుల ఎత్తు గల ఈ కొండకు, 1860 దశాబ్దమున ఇచ్చట సూపరింటెండెంటుగా నున్న రాబర్టు టైట్లరు భార్య పేరు పెట్టియుండిరి. 1891 నాటి ఆంగ్లో మణిపూరు యుద్ధానంతరము మణిపూరు రాజు కులచంద్ర సింహుడు మున్నగువారిని ద్వీపాంతరవాసమునకు పంపి ఇచ్చట నిర్బంధించినందున, 2021లో దీనికి మణిపూరు పర్వతమని పేరు పెట్టిరి. రోడ్డు చుట్టి పోయిన 50 కిలోమీటర్లు దాటును. చాతాము జెట్టీలో వాహనములతో సహా మనుష్యులను దాటించు ఫెర్రీ నెక్కి బాంబూఫ్లాటున దిగి పోయిన ఆ దూరము మిగులును. పైగా ఉద్యోగులు, బడిపిల్లలు, కూరగాయల బుట్టలతో స్త్రీలు నిత్యము పోయి వచ్చు ఆ ఫెర్రీ ప్రయాణము దీవుల జీవితమును ఉన్నదున్నట్లు చూపును. ఫెర్రీకై వేచియున్న సమయమున చాతాము రంపపుమిల్లు చూడదగినది. 1883లో నెలకొన్న ఈ కర్మాగారమున, మన వేగిసకును రక్తచందనమునకును దగ్గరి చుట్టమైన పడౌకు కలపను నేటికిని కోయుచున్నారు. 1942లో జపానీయులు వేసిన బాంబు గోతిని సైతము పూడ్చక ఉంచిరి.

ఈ కొండను భారతదేశచరిత్రలో చిరస్మరణీయముగా చేసిన ఘటన 1872 ఫిబ్రవరి 8న జరిగినది. రాజప్రతినిధి మేయో ప్రభువు ఖైదీల వలసను పరీక్షింప వచ్చి, సాయంకాలము కొండపైకెక్కి సూర్యాస్తమయమును చూచి, దిగువనున్న హోప్‌టౌను జెట్టీకి చీకటిలో దివిటీల వెలుగున నడచి వచ్చుచుండగా, షేర్ అలీ అను పఠాను ఖైదీ కత్తితో పొడిచెను. ప్రభువు ఆ రాత్రియే మరణించెను. భారతదేశపు రాజప్రతినిధులలో ఇట్లు హతుడైనవాడు ఇతడొక్కడే. షేర్ అలీని నెలదాటగానే వైపరు దీవిలో ఉరితీసిరి. కొండనుండి ఆ వైపరు, ఆ హోప్‌టౌను, రాస్ దీవి, ఆవల సముద్రము అన్నియు ఒక్కచూపున కనబడుచున్నవి గనుక, రేవు యాత్రలలో ముందుగా ఈ కొండ నెక్కినవానికి తక్కినవి సులభముగా అర్థమగును.

తెలుగువారికి ఈ నగరము పరాయిది కాదు. 2011 జనగణన నాటికి దీవుల జనసంఖ్య 3,80,581 కాగా అందు నూటికి పదుమువ్వురకు తెలుగు మాతృభాష. వంగ, హిందీ, తమిళముల తరువాత నాలుగవ స్థానము మనదే. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చిన మత్స్యకారులే వీరిలో అధికులు. తెల్లవారుజామున జంగ్లీఘాట్ రేవునకు పోయినచో, రాత్రి వేటకు పోయిన డుంగీలు ఒడ్డు చేరుట చూడవచ్చును, చేపల బేరము ఉత్తరాంధ్ర యాసలో సాగుట వినవచ్చును. విశాఖపట్టణము నుండి ఓడలో రెండు పగళ్లు రెండు రాత్రులు దాటి వచ్చినవానికి ఆ పలుకులు ఎంత హాయి నిచ్చునో వేరుగ చెప్ప నక్కరలేదు. స్వేచ్ఛగా వచ్చిన వీరికి పూర్వము, ఇచ్ఛలేక వచ్చినవారును కలరు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన బోనంగి పండు పడాలు రంపా పితూరీ పిమ్మట ఇచ్చటికి పంపబడినవాడు. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి సెల్యులారు జైలున ఉండినవాడు. నగరములోని ఆ జైలు ఏకదిన యాత్రల కోవలోనిది కాకపోయినను, ఎచ్చటికి పోవుటకైనను ముందు దానిని దర్శించుట తెలుగు యాత్రికునకు విధి.

నగరమునకు నైరృతిగా పోవు రోడ్డు వండూరునకు చేర్చును. దూరము సుమారు 25 కిలోమీటర్లు. దారిలో సిప్పిఘాట్ వద్ద ఒకప్పటి పొలములు ఉప్పునీట మునిగియున్నవి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున దక్షిణ అండమాను నేల సుమారు ఒక మీటరు క్రుంగుటచేత సముద్రము లోనికి వచ్చి మరల పోలేదు. ఉప్పెన కథలను చదివినవారు సముద్రము వచ్చిపోవుటను ఎరుగుదురు గాని, ఇట్లు వచ్చి నిలిచిపోవుటను కన్నులార చూచుట వేరు. అటనుండి కొంతదూరమున హోంఫ్రేగంజ్ వద్ద, 1944 జనవరి 30న జపానీయులు గూఢచారులను అనుమానముతో కాల్చి చంపిన 44 మంది భారతీయుల స్మారకమున్నది. వారిలో పెక్కురు భారత స్వాతంత్ర్య సంఘ సభ్యులు. యాత్రికుల వాహనములు దీనిని దాటి వేగముగా పోవుచుండును. ఆగిన పదినిమిషములు చాలును, ఆగవలెను.

వండూరు నుండి ఆవలి సముద్రము 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సాగర జాతీయోద్యానము. సుమారు 281 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముగల ఇందు పదునైదు దీవులు కలవు. వీనిలో జాలీబాయ్, రెడ్‌స్కిన్ అను రెంటిని మాత్రమే, అదియు ఒకటి తెరచినపుడు రెండవదానిని మూసి, యాత్రికులకు చూపుదురు. ఒక ఋతువంతయు పగడములకు విశ్రాంతి నిచ్చు ఈ పద్ధతి ప్రశంసార్హము. మడ అడవుల నడుమ నుండి పడవ సుమారు గంటసేపు పోవును. జాలీబాయ్ దీవిలో అంగడి లేదు, పూటకూటిల్లు లేదు, రాత్రి నిలువ వీలులేదు. ప్లాస్టిక్కు వస్తువు లేవియు తీసికొనిపోరాదు. నీటిసీసాకు సొమ్ము డిపాజిటు కట్టి, తిరిగి తెచ్చి చూపి సొమ్ము పుచ్చుకొనవలెను. అడుగున అద్దము పొదిగిన పడవనుండి చూచినవారికి కొమ్ములు చాచిన పగడములును, మెదడు ముడుతలవంటి గుండ్రని పగడములును, వాని సందుల రంగురంగుల చేపలును కనబడును. పగడము రాయి కాదు, చెట్టు కాదు. సూక్ష్మప్రాణులు తరతరములుగా సున్నము పేర్చి కట్టుకొన్న ఇల్లు. ఆ ప్రాణిలో కాపురముండి దానికి ఆహారమును రంగును ఇచ్చు శైవలములు, నీటివేడి హద్దు మీరినపుడు దానిని విడిచిపోవును. అపుడు పగడము తెల్లబారును. 2010 వేసవిలో అండమాను సముద్రము వేడెక్కి ఇట్టి విపత్తు విస్తారముగా సంభవించినది. కొన్ని చోట్ల తెల్లని, బూడిదవన్నె కొమ్మలు విరిగి పడియుండుట చూచి నిరాశపడిన యాత్రికులు కారణము తెలిసికొనుట మేలు. అట్లే, నిలిచిన నీట పగడముపై కాలు మోపుట దానిని చంపుట యని ప్రతి పడవలోను చెప్పుచున్నను, మోపువారు నేటికిని ఉన్నారు.

దక్షిణమున చిడియా టాపు సూర్యాస్తమయమునకు, పక్షులకు ప్రసిద్ధి. మధ్యాహ్నమున పోయి చీకటి పడునప్పటికి రావచ్చును. కార్బిన్స్ కోవ్ తీరము నగరమునకు అంటుకొనియే యున్నది.

ఇక బారాటాంగు యాత్ర. ఇది అన్నిటికంటె దూరమైనది, అన్నిటికంటె చర్చనీయమైనది. ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరము. తెల్లవారుజాము మూడు నాలుగు గంటలకే నగరమున బయలుదేరి జిర్కాటాంగ్ తనిఖీకేంద్రము వద్ద వరుసలో నిలిచి, పోలీసుల రక్షణలో వాహనములన్నియు ఒక్క జట్టుగా అడవిలోనికి పోవును. అటనుండి మధ్యజలసంధి వరకు గల రోడ్డు జారవాలను ఆదిమజాతివారి అభయారణ్యము గుండా పోవుచున్నది. దారిలో ఆగరాదు, ఛాయాచిత్రములు తీయరాదు, ఆహారవస్తువులు ఈయరాదు. జలసంధిని ఫెర్రీపై దాటి, చిన్న పడవలో మడచెట్ల కొమ్మలు పందిరివలె కప్పిన పాయలో అరగంట పోయి, పొలముల వెంబడి నడచినచో సున్నపురాతి గుహలు వచ్చును. వాననీరు సున్నమును కరిగించి, చుక్కచుక్కగా మరల పేర్చిన వ్రేలాడు స్తంభములును, నేలనుండి మొలచిన స్తంభములును అందు కలవు. వేరొక దిక్కున బురద అగ్నిపర్వతము. అందు అగ్ని యేమియు లేదు. భూగర్భమందలి వాయువుల ఒత్తిడిచేత బూడిదవన్నె బురద బుడగలు బుడగలుగా పైకి వచ్చుచుండును.

గుహలు చూడదగినవే. కాని త్రోవ ఎవరి యింటి గుండా పోవుచున్నదో యోచింపవలెను. 1858లో వేలకొలది యుండిన మరియొక ఆదిమజాతివారు, మహా అండమానీయులు, వలసలతో వచ్చిన రోగములచేతను ఇతర కారణములచేతను, 1961 జనగణన నాటికి 19 మందియై మిగిలిరి. జారవాలు 1990 దశాబ్దము చివరివరకు బయటివారిని దరిజేరనీయక, విల్లంబులతో తమ అడవిని కాచుకొనిరి. వారు వెలుపలికి రాసాగిన కొలది కాలమునకే, 1999లో, తట్టు వ్యాధి వారిలో వ్యాపించినది. 2011లో వారి సంఖ్య 380. వారి భూమిలో పరులు ప్రవేశింపరాదని 1956 నాటి ఆదిమజాతుల సంరక్షణ శాసనము విధించుచున్నది. ఆ అడవిలోని రోడ్డును మూసివేయవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఉత్తర దీవుల ప్రజలకు వైద్యమునకును వర్తకమునకును ఇదియే మార్గమను కారణమున రోడ్డు నేటికిని నడచుచున్నది. ఆ ప్రజల అవసరము వేరు, యాత్రికుని కుతూహలము వేరు. 2012లో జారవా స్త్రీలచేత తిండి ఆశచూపి నృత్యము చేయించిన దృశ్యములు లోకమునకు వెల్లడియై దేశమంతయు సిగ్గుపడినది. గుహలే గమ్యమైనపుడు, సముద్రమార్గమున పోవు నౌక లభించు దినమునకై వేచియుండుట యుక్తము. అట్టి నౌక దొరకనిచో బారాటాంగును విడిచి, ఆ దినమును జాలీబాయ్ దీవికో, హారియెట్టు కొండకో ఇచ్చుట మేలని ఈ వ్యాసకర్త దృఢముగా తలచుచున్నాడు. పడమట నున్న ఉత్తర సెంటినెల్ దీవి విషయమున ఇట్టి మీమాంసయు లేదు. దాని తీరమునకు అయిదు నాటికల్ మైళ్ల లోపునకు ఎవ్వరును పోరాదు.

ఈశాన్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న హావెలాకు, నీలు దీవులకు 2018 నుండి స్వరాజ ద్వీపము, శహీద్ ద్వీపము అని పేర్లు. 1857 తిరుగుబాటును క్రూరముగా అణచిన ఇరువురు ఆంగ్ల సేనానుల పేర్లు తొలగి ఈ పేర్లు వచ్చుట సముచితము. ఫీనిక్స్ బే జెట్టీ నుండి ప్రభుత్వపు నౌకలు రెండున్నర గంటలలోను, వేగముగల ప్రైవేటు నౌకలు అంతకు తక్కువ కాలములోను చేర్చును. ఉదయపు నౌకలో పోయి సాయంకాలపు నౌకలో వచ్చుట సాధ్యమే. అట్లు చేసినవాడు హావెలాకున పడమటి తీరపు రాధానగర్ బీచి యందలి సూర్యాస్తమయమునకు ముందే జెట్టీకి పరుగెత్తవలెను. నీలు దీవి చిన్నది గనుక ఒక దినమున కొంత అనుకూలము. తూర్పు వంగదేశమునుండి వచ్చిన కాందిశీకులు ఇచ్చట స్థిరపడి, తమ ఊళ్లకు సీతాపురము, భరతపురము, లక్ష్మణపురము, రామనగరము అని పేర్లుంచుకొని, కూరగాయలు పండించి పోర్టుబ్లెయిరునకు పంపుచున్నారు. లక్ష్మణపురము వద్ద అలలు తొలిచిన రాతివంతెనను ఆటుసమయమున మాత్రమే చేరవచ్చును. కావున బయలుదేరుటకు ముందే ఆనాటి ఆటుపోటుల వేళలను జెట్టీలో విచారించుకొనవలెను.

నగరమునకు ఈశాన్యమున సుమారు 138 కిలోమీటర్ల దూరమున బారెన్ దీవి కలదు. దక్షిణాసియా యందు సజీవముగా నున్న అగ్నిపర్వతము ఇదియొక్కటే. సుదీర్ఘ నిద్రానంతరము 1991లో మేల్కొని, అటుపిమ్మట పలుమారులు పొగను లావాను వెడలగ్రక్కినది. నౌకలు దీనిని చుట్టివచ్చును గాని దిగుటకు అనుమతి లేదు. ఉత్తరమున 732 మీటర్ల శాడిల్ శిఖరము గల డిగ్లిపూరు, దక్షిణమున లిటిల్ అండమాను నందలి హట్‌బే, అటుపై నికోబారు దీవులు ఏకదిన యాత్రల పరిధిని మించినవి. వీనిలో నికోబారునకు పోవువారు భారతీయులైనను ప్రత్యేకానుమతి పొందవలెను.